దారి మళ్ళించుట దైవమును శంకించుటయా?

అనంతపురము నుండి కదిరికి పోవు రహదారిమీది బత్తలపల్లికిని పశ్చిమాసియా యుద్ధములకును ఏమి సంబంధమని అడుగువారు ఈ సీమ ఇండ్లలోనికి ఒకమారు తొంగి చూడవలెను. ఇంటిపనికై ఖద్దామా వీసామీద కువైటు పోయిన తల్లులు, కతారులో కూలి చేయు కొడుకులు, ఉమ్రాకై ఏండ్ల తరబడి రూకలు కూడబెట్టిన వృద్ధదంపతులు ఈ ప్రాంతమున కలరు. విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన సంస్థవారి ఆసుపత్రిని చూచుటకును, 2009లో గతించి ఇచ్చటనే సమాధియైన ఆ మహనీయునకు నమస్కరించుటకును స్పెయిను దేశీయులు వచ్చుచుందురు. వీరిలో పలువురికి గల్ఫు విమానాశ్రయములే నడిమి మజిలీలు. 2025 జూన్ 13న ఇజ్రాయెలు ఇరానుపై దాడికి దిగినప్పుడును, ఆ నెల 23న ఇరాను కతారులోని అల్ ఉదీదు స్థావరముపై క్షిపణులు ప్రయోగించి, కతారు గగనతలము మూతవడి, బయలుదేరిన విమానములు నడుమనుండియే మరలినప్పుడును, ఇట్టి ఇండ్లలో పుట్టు ప్రశ్న ఒక్కటే: పోదమా, మానుదమా, వేఱు త్రోవ వెదకుదమా?

ఇట్టి వేళ మన పెద్దల నోట మొదట వెలువడు మాట, "రాసిపెట్టి ఉంటే యాడున్నా తప్పదులే" అనునది. ఆ మాటను నేను తేలికగా త్రోసివేయజాలను. చావుకబురు వచ్చిన ఇంట, తాను పంపకపోయి యున్నచో బిడ్డ బ్రతికెడివాడేమో యని తల బాదుకొను తండ్రిని నిలబెట్టునది ఆ మాటయే. కాని జరిగిపోయినదానికి ఊరట యగు మాటను జరుగబోవు దానికి నిర్ణయముగా చేసికొనుట తగదు. టికెట్టు చేతనుండి, వార్తలు చెవిని పడుచుండి, ఇంకను వ్యవధి మిగిలియున్నప్పుడు విధిమీద భారము వేయుట భక్తివలె తోచును. నా దృష్టిలో అది దైవమిచ్చిన వివేకమును వాడకయే తిరిగి యిచ్చివేయుట.

మతములేవియు ఈ విషయమున మొండితనమును బోధింపలేదు. జరాసంధుని దండయాత్రలచే నలిగిన మధురాప్రజలను ద్వారకకు తరలించిన శ్రీకృష్ణుని, పోరు విడిచిపోయినవానిగనే గుజరాతు ప్రజలు డాకోరు ఆలయమున నేటికిని భక్తితో కొలుచుచున్నారు. శిశువైన యేసును దర్శించిన తూర్పుదేశపు జ్ఞానులు హేరోదు కడకు పోరాదని స్వప్నమున హెచ్చరింపబడి వేఱొక త్రోవను స్వదేశమునకు మరలిరని మత్తయి సువార్త చెప్పుచున్నది. అన్నిటికంటె నన్ను ఆకర్షించినది ఖలీఫా ఉమర్ వృత్తాంతము. క్రీ.శ. 639 ప్రాంతమున ఆయన సిరియాకు పోవుచు సర్గ్ అనుచోట విడిసియుండగా, ముందున్న దేశమున మహమ్మారి ప్రబలినదని తెలిసెను. ఆయన తానొక్కడే నిశ్చయింపలేదు. మక్కా వలసవారిని, మదీనావారిని, పిదప ఖురైషు వృద్ధులను వరుసగా పిలిపించి అడిగి, మరలుటకే నిశ్చయించెను. దైవనిర్ణయము నుండి పారిపోవుదువా యని సేనాని అబూ ఉబైదా ప్రశ్నింపగా, ఒక దైవనిర్ణయము నుండి మఱియొక దైవనిర్ణయమునకే పోవుచున్నామని ఉమర్ సమాధానమిచ్చెను. పోవుటయు మరలుటయు రెండును ఈశ్వరేచ్ఛలోనివే యైనప్పుడు, మరలినవానిని మాత్రమే అవిశ్వాసి యనుటకు ఆధారమేది?

ఆ సందర్భముననే వినవచ్చిన ప్రవక్త బోధలో, తెగులున్న చోటికి పోరాదని యొక భాగమును, అచ్చటనే యున్నవారు వెడలరాదని రెండవ భాగమును కలవు. అంటువ్యాధికి చెల్లిన ఆ రెండవ భాగము యుద్ధమునకు చెల్లదని నా అభిప్రాయము. 1990 ఆగస్టు 2న ఇరాకు కువైటును ఆక్రమించిన పిదప, అమ్మాను మీదుగా లక్షా డెబ్బదివేలకు పైగా భారతీయులు విమానములలో స్వదేశము చేరిరి. వారు వెడలివచ్చుటచే ఎవరికిని కీడు సోకలేదు.

విమానము నడపుచున్నారు గదా, ప్రమాదమున్న నడపుదురా యను వాదము కూడ వినబడును. 2014 జూలై 17న తూర్పు ఉక్రెయిను మీద కూల్చబడిన మలేషియా విమానము, అధికారులు తెఱచియుంచిన ఎత్తుననే, 33,000 అడుగులలో పోవుచుండెను; 298 మంది ప్రాణములు పోయినవి. అనుమతి వేఱు, అభయము వేఱు.

అయినను ఈ చర్చయంతయు, దారి మార్చుకొనుటకు స్తోమత గలవారి చర్చ. సెలవు ముగిసి కువైటునకు మరలవలసిన ఖద్దామా మాటయేమి? గడువు దాటిన అకామా, అనగా నివాసానుమతి, పోవును. కఫీలు, అనగా పనికి కుదుర్చుకొన్న యజమాని, వేఱొకరిని కుదుర్చుకొనును. టికెట్టు మార్చుటకు ఏజెంటు అడుగు పైకము నెల జీతమును మ్రింగును. పోవుటకై చేసిన అప్పు వడ్డీ మాత్రము ఆగదు. ఆమె విమానమెక్కుటను చూచి ధైర్యమని గాని, దైవభక్తియని గాని మెచ్చుకొనుట క్రూరము. ఆమెకు రెండవ త్రోవ లేదు, అంతే. దేవుడు ఆమెకు వ్రాసినదిదియే యని మనము అనునప్పుడు, మనుష్యులు వ్రాసినదానిని దేవునిమీదికి నెట్టుచున్నాము.

కాశీ పోవువారి త్రోవలలో సత్రములు కట్టించిన మన పూర్వులకును, జకాతు పొందదగిన ఎనిమిది తరగతులలో బాటసారిని చేర్చిన ఇస్లాము ధర్మమునకును, బాటసారికి ఇతరుల ఆసరా కావలెనను విషయము తెలియును. నేడు బాటసారి పూటకూటికై కాక, పదిదినములు ఆగుటకై యాచింపవలసియున్నాడు. ఈసారి ఆకాశము మూతవడునాడు మన ఊళ్ళ గుడులును మసీదులును చర్చీలును ప్రార్థనలతోపాటు, అట్టి ఇండ్ల టికెట్టు తేడా పైకమును ఆ నెల వడ్డీని భరించుటకు పూనుకొనవలెను. ఆ మొత్తము ఒక్క రథోత్సవమునకు కాల్చు బాణసంచా ఖర్చును మించునని నేననుకొనను.