లేని మొగుడి చావు

మేవ్ బించీ చివరి నవల ‘ఎ వీక్ ఇన్ వింటర్’ 2012లో, ఆవిడ పోయాక వచ్చింది. ఐర్లండ్ పశ్చిమ తీరం, సముద్రపు గాలి, చలిమంట, వారం రోజుల సెలవుకి వచ్చిన అతిథులు. ముసురు పట్టిన ఆదివారానికి సరిగ్గా సరిపోయే పుస్తకం. కాకపోతే ఆ హాయంతా ఒక అబద్ధం మీద నిలబడింది, నాకు అదే గుచ్చుకుంది.

స్టోనీబ్రిడ్జ్ అనే ఊరి అమ్మాయి చికీ, ఇంట్లోవాళ్లు వద్దన్నా వినకుండా వాల్టర్ స్టార్ అనే అమెరికన్‌తో న్యూయార్క్ వెళ్లిపోతుంది. కొన్నాళ్లకి అతను వదిలేస్తాడు. ఆమె ఓ బోర్డింగ్ హౌస్‌లో పనికి కుదురుకుని, ఇంటికి మాత్రం పెళ్లయింది, సుఖంగా ఉన్నాం అని రాస్తుంది. ఏళ్ల తరవాత ఊళ్లోనే ఉండిపోదామనుకున్నప్పుడు లేని మొగుణ్ణి ఏం చెయ్యాలి? కారు ప్రమాదంలో చంపేస్తుంది. వితంతువుగా తిరిగొచ్చి, పాత స్టోన్ హౌస్ కొని హోటల్ పెడుతుంది.

ఇది తప్పా? ప్రాణం కాపాడ్డానికైనా అబద్ధమాడకూడదని కాంట్ 1797లో ఏకంగా వ్యాసమే రాశాడు, ఆయన్ని అడగక్కర్లేదు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు కాస్త నయం. పెళ్లి విషయాల్లో, మానానికి ముప్పొచ్చినప్పుడు బొంకవచ్చని బలికి చెప్తాడు. చికీ కేసు ఆ రెండిట్లోకీ వస్తుంది. (ఆ జాబితాలో ఆడవాళ్లతో ఆడే అబద్ధాలకీ మినహాయింపుంది. వాల్టర్ కూడా వాడుకోవచ్చన్నమాట!)

నా మటుకు నాకు ఆ అబద్ధంలో ఊరికీ వాటా ఉందనిపిస్తుంది. 1937 నాటి ఐరిష్ రాజ్యాంగం విడాకుల్ని నిషేధించింది. 1995 రెఫరెండంలో ఆ నిషేధం పోయింది కానీ, ఎత్తేద్దామన్నవాళ్లు 50.28 శాతమే. అలాంటి చోటికి “పెళ్లీ కాలేదు, వాడూ వదిలేశాడు” అని తిరిగొస్తే ఏమవుతుంది? మొగుడు పోయినామెకి జాలి, వదిలేయబడినామెకి “మేం ముందే చెప్పాం” అనే చూపు. విన్నాక శిక్ష వేసేవాళ్లకి నిజం బాకీ ఉంటామని నేననుకోను.

అదే ఇంట్లో ఇంకో కొత్త జీవితం కూడా మొదలవుతుంది. డబ్లిన్‌లో దొంగతనం చేసి పట్టుబడ్డ రిగ్గర్‌ని చికీ పనిలో పెట్టుకుంటుంది, సంగతంతా తెలిసే. వాడికి కథ అల్లుకోవాల్సిన పని పడలేదు.

ఇక్కడే నా వాదన కొంచెం జారుతుంది. ఎందుకంటే వాల్టర్ చావు విని బాధపడ్డవాళ్లలో గుసగుసలాడేవాళ్లే కాదు, ఆమెని నిజంగా ప్రేమించినవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గర తీసుకున్న ఓదార్పు సంగతేంటి? మొదట్లో వేరే దారి లేదు, సరే. హోటల్ నిలదొక్కుకుని, ఆ ఊరికే ఈమె అవసరం పడ్డాక కూడా ఆ కారు ప్రమాదం ఇంకా జరిగినట్టే ఉండాలా?