నూనె నిండాక

ధ్యాన భాగం: 2 రాజులు 4:1–7

సండేస్కూల్లో ఈ ఏడు వచనాలు విన్నవాళ్లకు గుర్తుండేది నూనె. చిన్న కుండలోంచి వంచుతూ ఉంటే ఇరుగుపొరుగు పాత్రలన్నీ నిండిపోవడం. చేతికి జీతం వచ్చే వయసులో మళ్లీ చదివితే కళ్లు మొదటి వచనం దగ్గరే ఆగిపోతాయి. చనిపోయిన మనిషి ప్రవక్తల శిష్యుల్లో ఒకడు. ఆయన దైవభక్తి ప్రవక్త ఎలీషాకు తెలియంది కాదని భార్యే అంటుంది. అంతటి భక్తిపరుడు అప్పు మిగిల్చి పోయాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకుల్నీ దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు.

ఆయన ఎందుకు అప్పు చేశాడో బైబిలు చెప్పదు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ మాత్రం ఆయన అహాబు రాజు గృహనిర్వాహకుడైన ఓబద్యా అనీ, యెజెబెలు రాణికి దొరక్కుండా గుహల్లో దాచిన నూరుమంది ప్రవక్తల్ని పోషించడానికే అప్పు తెచ్చాడనీ రాశాడు. అదే నిజమైతే, అంత పుణ్యకార్యానికి తెచ్చిన అప్పుకూ గడువు గడువే అన్నమాట. మనం తెచ్చేవి చాలామటుకు కొత్త ఫోన్ కోసం, స్నేహితులతో గోవా ప్రయాణం కోసం, నెలాఖరు బిర్యానీల కోసం.

మన ఊళ్లలో వడ్డీని రూపాయల్లో చెబుతారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే సరేనంటారు. మూడంటే మొహం చిట్లిస్తారు. అయిదంటే ఆ గడప తొక్కొద్దంటారు. ఖమ్మం నుంచో నరసరావుపేట నుంచో వచ్చి మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరిన పిల్లవాడు క్రెడిట్ కార్డు బాకీ పడితే, చాలా కార్డుల మీద అతను కడుతున్నది మూడున్నర రూపాయల వడ్డీ. ఈ మాట ఇదే లెక్కలో నాన్నకు చెబితే ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టదు. శాతాల్లో, ఇంగ్లిషు స్టేట్‌మెంట్‌లో ఉంది కాబట్టి మనకు పడుతోంది.

50,000 రూపాయల బాకీ ఉందనుకుందాం. నెల వడ్డీ 1,750. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 315. బిల్లులో మినిమం డ్యూ అని కనిపించేది 5 శాతం అనుకుంటే 2,500. అది కట్టేసి హమ్మయ్య అనుకున్నవాడికి అసలులో తగ్గింది 435 రూపాయలు. పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు దొరకదు, మామూలుగా కొన్న రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఇది తెలుసుకోవడం కూడా భక్తిలో భాగమేనని నా నమ్మకం. లెక్క చూడకుండా చేసే ప్రార్థనలో సగం భయమే ఉంటుంది.

లోన్ యాప్‌ల సంగతి మరీ ఘోరం. 2020 చివర్లో హైదరాబాద్‌లో ఆ కేసులు బయటపడినప్పుడు, అప్పు తీసుకున్నవాణ్ణే కాక అతని ఫోన్‌లో పేర్లున్న చుట్టాలనూ స్నేహితులనూ వేధించారని తేలింది. కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఎలీషా కాలంలో అప్పులవాడు కొడుకుల కోసం వచ్చాడు, మన కాలంలో పరువు కోసం వచ్చాడు. 2022లో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ వివరాలు ముట్టుకోకూడదు. ఏడాదికి మొత్తం భారం ఎంతో అప్పు ఇవ్వకముందే రాతపూర్వకంగా చెప్పాలి. కాంటాక్టులు చూడనిమ్మని అడిగిందంటే ఆ యాప్‌ను అక్కడే తీసేయండి.

ఈ విధవరాలు పరువు చూసుకోలేదు. ఎలీషా దగ్గర గొంతెత్తి మొరపెట్టుకుంది. ఖాళీ పాత్రల కోసం ఇంటింటికీ వెళ్లింది. ఇన్ని ఖాళీ గిన్నెలు ఎందుకమ్మా అని పొరుగింట్లో అడక్కుండా ఉంటారా? తలుపు మూసింది ఆ తర్వాతే.

నూనె ఆగింది. పాత్రలు వరసగా నిండి ఉన్నాయి. ఇక ఎవరి గుమ్మమూ ఎక్కాల్సిన అవసరం లేదు. సరుకు ఉంది, కొనేవాళ్లుంటారు. అయినా ఆమె మళ్లీ దైవజనుడి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. ఏడో వచనం మొదలయ్యేదే దీనితో. అద్భుతం అయిపోయింది కదా అని మనం ఆ వచనాన్ని గబగబా దాటేస్తాం. నాకు మాత్రం ఈ రెండో రాకే పెద్దదిగా కనిపిస్తుంది. ఇబ్బందిలో మోకరించని విశ్వాసి ఎవరు? ఇంటర్వ్యూ ముందు ఉపవాసం ఉంటాం. ఆఫర్ లెటర్ కోసం అమ్మ కన్నీళ్లతో ప్రార్థిస్తుంది. ఉద్యోగం రాగానే సంఘంలో సాక్ష్యం చెబుతాం. ఒకటో తారీఖున జీతం పడిన మెసేజ్ చూసుకుని, ప్రభువా దీన్ని ఏం చేయమంటావు అని కూర్చునేవాళ్లు మాత్రం అరుదు. జీతం పెరిగిన నెలలో అసలే కనబడరు.

ఆమె అడగకుండా తనకు తోచినట్టు చేసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. బహుశా ముందు పిల్లలకు బట్టలు, ఇంటికి కొత్త కప్పు, ఆ తర్వాత వీలైతే బాకీ. ఎలీషా వరస తిప్పేశాడు. నూనె అమ్మాలి. ముందు బాకీ తీరాలి. మిగిలిందే ఆమెకూ పిల్లలకూ జీవనం. దేవుడు తలచుకుంటే అప్పులవాడి మనసు కరిగించి పత్రం చింపించగలడు. ఇక్కడ అలా జరగలేదు. ఆ కఠినుడికి కూడా రావాల్సింది అణా పైసలతో ముట్టాలన్నదే ప్రవక్త మాట.

మరి దశమభాగం ముందా, ఈఎంఐ ముందా? యూత్ మీటింగుల్లో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. అందరికీ ఒకే జవాబు నా దగ్గర లేదు, మీ కాపరితో కూర్చుని మాట్లాడండి. అయితే కార్డు గీకి అప్పుతో ఇచ్చేదాన్ని కానుక అనడానికి నాకు నోరు రాదు. అప్పుల్లో ఉన్నవాణ్ణి విత్తన కానుక వెయ్యి, నూరంతలు వస్తుందని పిలిచే గొంతులకు టీవీలోనూ యూట్యూబ్‌లోనూ కొదవలేదు. ఆ నూనెలో తన వంతు ఇమ్మని ఎలీషా అడిగినట్టు ఈ వచనాల్లో లేదు. తర్వాతి అధ్యాయంలో సిరియా సేనాధిపతి నయమాను తన కుష్ఠు బాగవ్వాలని పది తలాంతుల వెండితో వస్తే ఏమీ పుచ్చుకోకుండా పంపేశాడు. వెనకాల పరుగెత్తి రెండు తలాంతులు పట్టుకొచ్చింది ఎలీషా సేవకుడు గేహజీ. వాడికి దక్కింది కుష్ఠు.

చివరిగా ఆ కొడుకులిద్దరి మాట. వాళ్ల పేర్లు లేవు, వాళ్లు మాట్లాడిన మాటలూ లేవు. అప్పు వాళ్ల మెడకే చుట్టుకుంది కాబట్టి తల్లి వాళ్లకు దాచలేదు. మూసిన తలుపు వెనక పాత్రలు అందించింది వాళ్లే. మన ఇళ్లలో బీటెక్ ఫీజు కోసం నాన్న పొలం తాకట్టు పెట్టినా, అమ్మ గాజులు బ్యాంకులో ఉన్నా పిల్లలకు చెప్పరు. నువ్వు చదువుకో నాన్నా, డబ్బు సంగతి నీకెందుకు అంటారు. ఇప్పుడు సంపాదన మొదలైంది కదా. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, తిన్నావా అని అమ్మ అడిగేలోపు, ఆ అప్పు ఇంకా ఎంతుంది, ఎన్ని రూపాయల వడ్డీ అని మీరే అడగండి.

ప్రార్థన: తండ్రీ, ఉద్యోగం ఇమ్మని నీ దగ్గరికి వచ్చాం. ఇచ్చావు, నీకు స్తోత్రం. ఈ నెల జీతం గురించి మాత్రం నీతో ఇంకా మాట్లాడలేదు. ఎవరికి ఎంత బాకీ ఉన్నామో నీకు తెలుసు, మా ఇంట్లోవాళ్లకు తెలియదు. ఈ రాత్రి వాళ్లతో చెప్పేందుకు మాకు నోరు పెగిలించు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.