మితవాదిపై స్వపక్షపు పోటీ

ఒక పక్షమునకు చెందిన శాసనకర్త పదవిలో నుండగా, ఆ పక్షమువాడే మరియొకడు అతనిపై పోటీకి నిలుచుట ధర్మమా, ద్రోహమా? పదవిలోనున్నవాడు అవినీతిపరుడైనచో సమాధానము సులభము. అతడు సచ్చరిత్రుడై, కేవలము మితవాది యైనప్పుడే చిక్కు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో రెండేండ్లకొకసారి ఈ చిక్కు తలయెత్తుచునే యుండును.

మితవాది యను మాట తెలుగువారికి 1907 నాటి సూరతు కాంగ్రెసు చీలికనుండి పరిచితమే. అమెరికాలో దాని అర్థము కొంత వేరు. ఎదుటి పక్షముతో కొన్ని విషయములందైనను కలిసి నడచువాడు అచ్చట మితవాది. భారతదేశమున పార్టీ టిక్కెట్టు అధిష్ఠానవర్గము చేతిలోనిది. అచ్చట నట్లు కాదు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో విస్కాన్సిన్ గవర్నరు లా ఫాలెట్ ప్రభృతుల కృషి ఫలముగా అభ్యర్థిని నిర్ణయించు హక్కు క్రమముగా ఓటర్లకు సంక్రమించెను. అసలు ఎన్నికకు ముందు జరుగు ఈ తొలి ఎన్నికకే ప్రైమరీ యని పేరు. కావున పోటీచేయువానిని ద్రోహి యనుట చెల్లదు. చట్టము తెరచిన ద్వారమున ప్రవేశించువాడు దొంగ యెట్లగును? పదవి ఎవని పిత్రార్జితమును కాదు గదా!

అయినను, హక్కు కలదన్నంత మాత్రమున ప్రతి పోటీయు న్యాయమగునా? రెండు పోటీలను ప్రక్కప్రక్కన నిలిపి చూచిన భేదము తెలియగలదు.

మొదటిది 2006లో కనెక్టికట్ రాష్ట్రమున జరిగినది. జో లీబర్‌మన్ అప్పటికి మూడు పర్యాయములు సెనేటరు. 2000లో డెమొక్రాటిక్ పార్టీ పక్షాన ఉపాధ్యక్ష పదవికి పోటీచేసినవాడు. ఇరాక్ యుద్ధమును ఆయన సమర్థించెను. సైనికులు మరణించుచున్నను, స్వపక్షీయులు మొరపెట్టుకొన్నను, తన మాటనుండి మరలలేదు. నెడ్ లామాంట్ అను వ్యాపారి ఆ యొక్క విషయముపైననే ప్రధానముగా పోటీకి దిగి, ఆగస్టు 8న సుమారు 52 శాతము ఓట్లతో ప్రైమరీలో గెలిచెను. లీబర్‌మన్ ఆ తీర్పునకు తలయొగ్గక స్వతంత్రుడుగా నిలిచి, రిపబ్లికన్ ఓటర్ల అండతో నవంబరులో నెగ్గెను.

రెండవది 2012లో ఇండియానాలో జరిగినది. రిచర్డ్ లూగర్ రిపబ్లికన్ పార్టీవాడు, 1977నుండి సెనేటరు. డెమొక్రాటిక్ పార్టీకి చెందిన శామ్ నన్‌తో కలిసి 1991లో ఆయన రూపొందించిన పథకము వలన పూర్వపు సోవియట్ దేశములలోని వేలకొలది అణ్వస్త్రములు నిర్వీర్యములయ్యెను. ఇంతటి మేలు చేసిన శాసనకర్తలు ఏ దేశమునను అరుదు. ఆయనపై మోపబడిన నేరములో ముఖ్యభాగ మేమి? అధ్యక్షుడు ఒబామా ప్రతిపాదించిన న్యాయమూర్తులకు అనుకూలముగా ఓటు వేసెననియు, ఎదుటివారితో చేతులు కలిపెననియు. మే 8న రాష్ట్ర కోశాధికారి రిచర్డ్ మర్డాక్ చేతిలో ఆయన చిత్తుగా ఓడిపోయెను.

కనెక్టికట్ ఓటర్లు ఒక కార్యమునకు జవాబు అడిగిరి. ఇండియానావారు చాలవరకు ఒక స్వభావమును శిక్షించిరి. యుద్ధమునకు సమ్మతించినవాడు ఎంత సౌమ్యుడైనను, ఆ సమ్మతికి సమాధానము చెప్పి తీరవలయును. మితము కవచము కాదు. మరి, న్యాయమూర్తి అర్హుడని తోచినప్పుడు ఎదుటి పక్షమువాడు ప్రతిపాదించినను ఔననుట దోషమెట్లగును? దానిని దోషముగా నెంచి దండించినచో, మిగిలిన సభ్యులు నేర్చుకొను పాఠ మొక్కటే: తమ వివేకమును సభాద్వారముకడనే విడిచి లోనికి పోవలయునని!

లూగర్ పక్షమున లోపమే లేదనుటయు సరికాదు. 1977లోనే ఇండియానాలోని స్వగృహమును అమ్మివేసి, రాజధాని సమీపమున కాపురముండుచు, పాత చిరునామాతోనే ఓటు వేయుచుండెను. 80 ఏండ్ల ప్రతినిధికి తమ ఊళ్లలో ఇల్లైనను లేదని ఓటర్లు నొచ్చుకొన్నచో తప్పు వారిదా? పోటీ ఆ లోపము వరకే పరిమితమైయున్నచో దానిని ఆక్షేపింప వీలుండదు.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న ఫలితమును గూర్చినది. మితవాదిని దింపినచో స్థానమే ఎదుటి పక్షమునకు పోవు ప్రమాదమున్నప్పుడు పోటీ చేయవచ్చునా? పోటీదారు ఓడినచో తన వ్యాపారమునకో వృత్తికో మరలి పోవును. నష్టమును అనుభవించువారు ఇతరులు. ఇండియానా రిపబ్లికన్ ప్రైమరీలో ఓటు వేసినవారు 6 లక్షల 60 వేలమంది. నవంబరులో ఓటు వేసినవారు 25 లక్షలకు పైబడిరి. కొద్దిమంది కోపము పెక్కుమంది ముందున్న ఎంపికను మార్చివేసెను. దీనినిబట్టి పోటీయే మానవలెనన్నచో, పదవిలోనున్నవానికి ఇక ఎవరి భయమును ఉండదు, అదియు ప్రమాదమే. స్థానము పోయినను తాను లేవనెత్తిన విషయము ఆ నష్టమునకు తగినంత గొప్పదని, ఓడిన మరునాడు సయితము తలెత్తి చెప్పగలవాడే పోటీకి అర్హుడు. యుద్ధమును గూర్చి లామాంట్ ఆ మాట చెప్పగలడు. మర్డాక్ ఏ విషయమును చూపగలడు?

ఓడిననాటి రాత్రి లూగర్ ఒక ప్రకటన చేసెను. మర్డాక్ గెలువవలెననియే తన కోరికయనియు, ఎదుటివారితో రాజీయే కూడదను ఆ దృక్పథముతో మాత్రము ఆయన మంచి సెనేటరు కాజాలడనియు అందు స్పష్టముగా పలికెను. ప్రైమరీలో ఓడినవాడు స్వతంత్రుడుగా నిలుచుటకు ఇండియానా చట్టము అంగీకరింపదు. కావున లీబర్‌మన్ త్రొక్కిన త్రోవ ఆయనకు లేదు. ఆ శరత్కాలమున ఆయన మర్డాక్ కొరకు ప్రచారమునకును పోలేదు. అక్టోబరు చర్చలో, అత్యాచారము వలన కలిగిన గర్భమును గూర్చి మర్డాక్ పలికిన మాట రాష్ట్రమంతట దుమారము లేపెను. నవంబరులో ఆ స్థానము డెమొక్రాటిక్ అభ్యర్థి జో డొనెల్లీకి దక్కెను. ఆయనయు మితవాదియే.