దారి ఎవరిది?

“మామయ్యా, నేనొక దారి కనిపెట్టాను!”

2019 మే నెలలో ఒకనాటి ఉదయము మా మేనల్లుడు ఫోనులో నాతో పలికిన మొదటి మాట ఇది. వాడు కాలిఫోర్నియా రాష్ట్రములో శాన్‌హోజే పట్టణమున ఉద్యోగము చేయుచుండెను. ఆ ప్రాంతమున మన తెలుగువారు వేలకొలదిగా ఉన్నారు. వారిలో అనేకులవలెనే వాడును వారమంతయు గదిలో కూర్చుండి పనిచేయువాడే. అయితే ఒక మోటారు సైకిలు కొనెను. ఈ సంగతి నాకు తెలియును గాని వాని తల్లికి, అనగా మా చెల్లెలికి, తెలియదు. “అమ్మతో అనకు మామయ్యా, భయపడుతుంది” అని వాడు నన్ను బ్రతిమాలినందున నేనును ఊరకుంటిని. ఊరకుండుట మంచిదా కాదా అని నాలో నేనే తర్కించుకొనుచుంటిని.

వాడు కనిపెట్టితినన్న దారి ఎట్టిదో చెప్పెదను. శాన్‌హోజే విడిచి దక్షిణముగా పోయి, మాంటెరే, కార్మెల్ పట్టణములు దాటినయెడల పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డుననే ఒక రహదారి సాగును. దానిని ఒకటవ నంబరు రహదారి అందురు. కార్మెల్ మొదలు శాన్ సిమియన్ వరకు ఇంచుమించు 90 మైళ్లు. ఆ సీమ పేరు బిగ్ సర్. ఎడమప్రక్క శాంటా లూసియా పర్వతములు నిట్టనిలువుగా లేచును. కుడిప్రక్క క్రిందుగా సముద్రము. కోన్ పీక్ అను శిఖరము సముద్రపు ఒడ్డునకు సుమారు మూడు మైళ్ల దూరములోనే 5,155 అడుగుల ఎత్తునకు లేచినదనిన, ఆ కొండలు నీటి అంచున ఎట్లు నిలిచియున్నవో ఊహించుకొనవచ్చును. దారి ప్రతి లోయలోనికి వంగి, ప్రతి కొండముక్కును చుట్టి మరల బయటికి వచ్చును. కొన్ని వేళలలో సముద్రముమీదినుండి పొగమంచు పైకెక్కి దారిని కప్పును. మరు మలుపులో ఎండ కాయును.

కిర్క్ క్రీక్ అనుచోట ఎడమకు తిరిగిన మరియొక సన్నని దారి కొండ ఎక్కి, ఆవలి నాసిమియెంటో నది లోయలోనికి దిగును. చాలచోట్ల అంచున అడ్డుగోడ లేదు. మా మేనల్లుడు శుక్రవారము సెలవుపెట్టి, సముద్రపు దారిన వచ్చి, ఈ కొండదారి ఎక్కి, లోయలో ఓక్ చెట్ల నీడను కొంతసేపు కూర్చుండి, సాయంకాలము మరల సముద్రమువైపు దిగుచుండెను. ఒక మలుపులో ఎదుట సముద్రమంతయు ఒక్కమారుగా కనబడెను. వాడు చూచెను. అంతే, ముందు చక్రము చిన్న రాళ్లమీదికి పోయి జారెను. వాడు కొండవైపునకు పడెను. లోయవైపునకు పడియుండిన ఈ వ్యాసము వ్రాయుటకు నాకు చేతులాడెడివి కావు.

మోచేయి చీరుకొనెను, బండి అద్దము పగిలెను. ఆ కొండలలో ఫోను పలుకదు. కొంతసేపటికి నారింజ రంగు చొక్కా తొడిగిన ఒక రహదారి పనివాడు బండిమీద వచ్చెను. అతడు గాయము కడిగి కట్టు కట్టెను. మోటారు సైకిలును లేవనెత్తెను. పార తీసికొని ఆ మలుపులోని రాళ్లను ప్రక్కకు ఊడ్చెను. పొద్దుననే ఈ చోటు శుభ్రము చేసితిననియు, మరల రాలినవనియు, కొండ ఎప్పుడును రాల్చుచునే యుండుననియు చెప్పెను. పిమ్మట తన పనిమీద తాను పోయెను.

ఇదంతయు చెప్పి మా మేనల్లుడు కొంచెము ఆగి, “నేను కనిపెట్టానన్న దారిలో నాకంటే ముందే ఒకడు పార పట్టుకొని ఉన్నాడు మామయ్యా” అనెను.

ప్రియ చదువరీ, ఆ మాట నన్ను చాల దినములు విడువలేదు. మన శ్రమ ఏమియు లేకుండ మన కన్నులకు దొరకిన సౌందర్యమునకు మనము ఎవరికైనను ఋణపడియున్నామా? ఋణపడియున్నయెడల దానిని తీర్చుట ఎట్లు? ఇది బండి ఎక్కువారి ప్రశ్న మాత్రమే కాదు. చల్లని చెట్టునీడను నిలిచినవాడు, త్రవ్వించనివాని చేతికి నీళ్లిచ్చు బావియొద్దకు వచ్చినవాడు, ప్రతివాడును దీనికి ఉత్తరము చెప్పవలసినవాడే.

మొదట, ఆ దారి ఎట్లు వచ్చినదో చూతము. 1894వ సంవత్సరము ఏప్రిల్ నెలలో లాస్ ఏంజిలిస్ అను పొగయోడ పాయింట్ సర్ అను కొండముక్కు దగ్గర రాతికి తగిలి మునిగెను. మాంటెరేలో జాన్ రాబర్ట్స్ అను వైద్యుడు ఉండెను. కబురు రాగానే ఆయన రెండు చక్రముల గుఱ్ఱపు బండిమీద, ఆ దుర్గమమైన బాటవెంట, మూడున్నర గంటలు పరుగెత్తించి గాయపడినవారియొద్దకు చేరెను. ఈ తీరమునకు మంచి మార్గము కావలెనని పట్టుపట్టినవారిలో ఆయన ముఖ్యుడు. 1919లో కాలిఫోర్నియా ప్రజలు ఓటు వేసి ఈ మార్గమునకు 15 లక్షల డాలర్లు మంజూరు చేసిరి. 1937 జూన్‌లో దారి తెరువబడువరకు 18 సంవత్సరములు గడచెను. దానిలో బిక్స్‌బీ క్రీక్ మీద 1932లో పూర్తియైన వంతెన ఒకటి 714 అడుగుల పొడవు, లోయకు 260 అడుగులకు పైబడిన ఎత్తు గలది. నేడు దాని చిత్రము చూడనివారు అరుదు.

అయితే కొండను పగులగొట్టినది ఎవరు? వారిలో శాన్ క్వెంటిన్ చెరసాల ఖైదీలు అనేకులు. వారికొరకు లిటిల్ సర్ నది యొద్దను, కిర్క్ క్రీక్ యొద్దను, తరువాత ఆండర్సన్ క్రీక్ యొద్దను శిబిరములు వేసిరి. కూలి దినమునకు 35 సెంట్లు. దానితోపాటు శిక్షలో కొంత తగ్గింపు. మా మేనల్లుడు కొండదారికి తిరిగినది ఆ కిర్క్ క్రీక్ యొద్దనే. వాడు నిలిచి నీళ్లు త్రాగినచోట ఒకప్పుడు ఖైదీలు పడుకొనిరి.

ఇక్కడ తొందరపడి ఒక తియ్యని మాట చెప్పరాదు. “ఖైదీలు కష్టపడిరి, లోకమునకు అందమైన దారి దొరకెను, అంతయు మేలే” అని ముగించుట సులభము. గాని చెరసాల గోడలకును, బండలు పగులగొట్టు పనికిని మధ్య కోరుకొమ్మనిన, అది ఎంతమట్టుకు కోరిక? 35 సెంట్లు న్యాయమైన కూలియా? కొండగాలిలో పనిచేసి, శిక్ష తగ్గించుకొని, త్వరగా ఇల్లు చేరినవాడు సంతోషించియుండవచ్చును. ఆ సంతోషము అన్యాయమును న్యాయముగా మార్చదు. కృతజ్ఞత కన్నులు తెరువవలెను గాని మూయరాదు.

ఇంకను వెనుకకు పోవుదము. దారి వేయకమునుపు, స్పెయిను దేశస్థులు రాకమునుపు, ఆ కొండలలో ఎస్సెలెన్ మొదలగు ప్రజలు నివసించుచుండిరి. “సర్” అనగా స్పానిషు భాషలో దక్షిణము. మాంటెరేలో కూర్చుండి చూచినవానికి అది దక్షిణము. అక్కడే పుట్టినవానికి అది దక్షిణము కాదు, ఇల్లు. ఆ పేరు దూరమునుండి చూచినవాడు పెట్టిన పేరు. “కనిపెట్టితిని” అను మాటయు అట్టిదే. మనము చూడకమునుపు అది లేనట్లు మాటలాడుదుము.

ఇప్పుడు కొందరు చెప్పు అడ్డుమాటలను ఆలోచింతము.

మొదటివాడు, “సముద్రమును ఎవడును చేయలేదు, సూర్యాస్తమయమునకు ఎవడును కూలి అడుగలేదు; నేను ఎవరికి ఋణపడుదును?” అనును. సముద్రము మాట నిజమే. గాని నీవు దానిని ఆ ఎత్తునుండి, ఆ మలుపులో, ప్రాణములతో చూచుటకు ఒకడు బండను తొలిచెను, ఒకడు వంతెనకు సిమెంటు పోసెను, ఒకడు ఆ ఉదయమే రాళ్లు ఊడ్చెను. దారి ఒకనాడు వేసి విడిచిన వస్తువు కాదు. 2017 మే 20న మడ్ క్రీక్ అనుచోట కొండ విరిగి 50 లక్షల ఘనగజములకు మించిన మట్టియు రాళ్లును దారిని కప్పి సముద్రములో పడెను. మరల దారి వేయుటకు 5 కోట్ల 40 లక్షల డాలర్లు ఖర్చాయెను. 2018 జూలైలో గాని అది తెరువబడలేదు. ఆ మరు సంవత్సరమే మా మేనల్లుడు ఆ సీమకు వెళ్లి, దారి అనాదినుండి అక్కడ ఉన్నట్లు సంతోషించెను.

రెండవవాడు, “ఆ పనివారు ఎప్పుడో పోయిరి. అప్పు ఇచ్చినవాడు లేనప్పుడు అప్పును లేదు” అనును. ఇది గట్టి మాట. దీనికి నాకు తోచిన ఉత్తరమేమనగా, ఋణములు రెండు విధములు. కొన్నిటిని ఇచ్చినవానికే తీర్చవచ్చును. అట్టివాటిని అట్లే తీర్చవలెను. 2020 జూలైలో లిటిల్ సర్ నది యొద్ద 1,199 ఎకరముల భూమి ఎస్సెలెన్ ప్రజల చేతికి తిరిగి వచ్చెను. పోయినదానిలో అది కొంచెమే. అయినను పుచ్చుకొనవలసినవారికే ఇచ్చిరి. రెండవ విధము ఋణములు ఇచ్చినవానికి చేరవు. అతడు లేడు, అతని పేరైనను మిగులలేదు. వాటిని మన వెనుక వచ్చువారికి తీర్చవలెను. తాత నాటిన మామిడిచెట్టు అప్పును తాతకు తీర్చగలమా? మనుమనికొరకు మరియొక టెంక పాతుటయే తీర్చుట.

మూడవవాడు, “సంతోషించుచున్న వేళ ఇవన్నియు తలంచిన సంతోషము చెడదా?” అనును. చెడదు. ఊరగాయ ఎవరు పెట్టిరో తెలిసి తినువానికి రుచి తగ్గదు. చెడునది సంతోషము కాదు, “ఇది నాది” అను గర్వము. అది చెడుట మంచిదే.

అయితే దారిన పోవువాడు తన ఋణమును ఎట్లు తీర్చును? మోటారు సైకిలు నడుపువారు మా మేనల్లునికి నేర్పిన సూత్రములలోనే ఉత్తరము దొరకెను. వారి మొదటి పాఠము: చూపు ఎటు పోవునో బండి అటు పోవును. అగాధమును చూచినవాడు అగాధమునకే పోవును. మలుపు తరువాత తాను చేరవలసిన చోటును చూచినవాడు అక్కడికి చేరును. రెండవది: మలుపులోనికి పోకమునుపే వేగము తగ్గింపవలెను, మలుపు నడుమ బెదరి గట్టిగా బ్రేకు నొక్కుట అపాయము. మూడవది ఆ రాష్ట్రపు చట్టమే: రెండే వరుసల దారిలో నెమ్మదిగా పోవువాని వెనుక ఐదు బండ్లు గాని అంతకెక్కువ గాని చేరి దాటిపోలేనియెడల, క్షేమమైన ప్రక్కజాగా దొరకినచోట తప్పుకొని వారిని పోనియ్యవలెను.

వీటిని కూర్చి చూడుడి. అందము చూచుటకు బయలుదేరినవాడు నడుచునంతసేపు అందమును చూడరాదు. అతని కన్నులు దారికి చెందినవి. చూడవలెననిన ఆగవలెను. మనలో అనేకులము ఆగుటకు ఇష్టము లేక, పరుగెత్తుచునే చూడగోరుదుము. అందుచేత దారియు చెడును, చూపును చెడును. ఎదుటివాని వరుసలోనికి పోకుండుట, వెనుకవానికి తోవ ఇచ్చుట, మలుపులో రాయి కనబడిన దిగి తీసివేయుట, తెచ్చిన చెత్తను తిరిగి తీసికొనిపోవుట, ఇవన్నియు చిన్న పనులే. పేరు తెలియని ఖైదీకి మనము చెల్లింపగల కూలి ఇంతే. మన విశాఖపట్టణమునుండి భీమిలికి సముద్రపు దారిన పోయి ఎఱ్ఱమట్టి దిబ్బల యొద్ద సీసాలు పారవేయువాడు ఈ కూలిని ఎగవేయుచున్నాడు.

మరియొక చెల్లింపు ఉన్నది. ఆ పనివాడు ఊడ్చినది దారికొరకు కాదు, దారిన పోవువాని ప్రాణముకొరకు. ఆ ప్రాణమును విసరివేయుట అతని శ్రమను విసరివేయుట. ఇది తలంచినప్పుడు నేను ఊరకుండుట తప్పని నాకు తేటపడెను. “నీ ప్రాణమునందు మీ అమ్మకు భాగమున్నది. బండి నడుపవద్దని నేను చెప్పను. గాని ఆమెకు తెలియకుండ నడుపవద్దు” అని వానికి వ్రాసితిని.

వాడు రెండు దినములు జవాబియ్యలేదు. మూడవనాడు తల్లికి ఫోను చేసి సమస్తమును చెప్పెను: బండి, దారి, పడుట, కట్టు, పార. చెల్లెలు ఏడ్చుననియు, నన్నును తిట్టుననియు ఎదురుచూచితిని. ఆమె రెండును చేసెను. ఆ తరువాత కన్నులు తుడుచుకొని ఒక్క ప్రశ్న వేసెనట:

“నీకు కట్టు కట్టిన ఆయన పేరేమిటిరా?”

వాడు అడుగలేదు. శిఖరము ఎత్తు, వంతెన పొడవు, మైళ్ల లెక్క, అన్నియు వానికి తెలియును. ఆ పేరు మాత్రము తెలియదు.

చదువరీ, మన దారిలో ఈ ఉదయము రాళ్లు ఊడ్చినవారు ఎందరు? రేపు వారిలో ఒకనిని కలిసికొనినయెడల ఆగి పేరు అడుగుదము.