పరువు పేరుతో ప్రాణం తీయవచ్చా?

హత్యలు చేసేది కరడుగట్టిన దొంగలు, దోపిడీదారులేనని మనలో చాలామంది అనుకుంటారు. వాస్తవం వేరు. జాతీయ నేర గణాంకాల ప్రకారం మన దేశంలో 2021లో 29,272 హత్య కేసులు నమోదు కాగా, 2022లో అవి 28,522కు తగ్గాయి. 2022 నాటి కేసుల్లో 9,962 తగాదాల వల్ల, 3,761 పగ వల్ల జరిగినవే. లాభాపేక్షతో జరిగినవి 1,884.

సంఖ్య తగ్గిందని సంతోషిద్దామా? ఒక నిరపరాధిని చంపడం యావత్తు మానవాళిని చంపడంతో సమానమని దివ్యఖుర్ఆన్ (5:32) బోధిస్తోంది. ఈ త్రాసులో ఒక్క ప్రాణమూ చిన్నది కాదు.

2022 మే 4న మన జంటనగరాల పరిధిలోని సరూర్‌నగర్‌లో, ముస్లిం యువతిని పెళ్ళాడిన దళిత యువకుణ్ణి నడిరోడ్డుపై భార్య కళ్ళెదుటే చంపారు. పోలీసులు ఆమె సోదరుణ్ణి అరెస్టు చేశారు. 2018లో మిర్యాలగూడలో కులం పేరుతో ఇలాంటి ఘోరమే జరిగింది.

“అలాంటి వివాహాన్ని షరీఅత్ అంగీకరించదు కదా!” అని కొందరు అడగవచ్చు. నిజమే. కాని వివాహాన్ని అంగీకరించకపోవడం వేరు, ప్రాణం తీయడం వేరు. ప్రాణం తీసే అధికారం ఏ తండ్రికీ, ఏ అన్నకూ అల్లాహ్ ఇవ్వలేదు. చెల్లెల్ని వితంతువును చేసి, తల్లిని జైలు గుమ్మం ముందు నిలబెట్టేది పరువు ఎలా అవుతుంది?

కుస్తీలో గెలిచేవాడు కాదు, కోపంలో తనను తాను అదుపు చేసుకునేవాడే బలవంతుడని దైవప్రవక్త (స) బోధించారు. నిలబడి ఉండగా కోపం వస్తే కూర్చోమన్నారు. అప్పటికీ తగ్గకపోతే పడుకోమన్నారు. హత్య జరిగాక పోలీసులు వస్తారు. అంతకుముందే, మన కుమారులకు ఈ పాఠం నేర్పవలసింది మనమే.