ఎవరి ఆట?

మా కోడలు బ్యాంకు ఉద్యోగం మానేస్తానంటోంది. కారణం వింటే మీరూ నాలాగే కాసేపు నోరు తెరుచుకు కూర్చుంటారు. ఎనిమిదేళ్ళ మా మనవడు చదరంగం బాగా ఆడతాడు. మొన్న గాజువాకలో పిల్లల పోటీలో కప్పు కూడా తెచ్చాడు. వాణ్ణి గ్రాండ్‌మాస్టర్‌ని చెయ్యాలంటే ఎవరో ఒకరు వెంట ఉండాలట, ఊరూరా తిప్పాలట.

"కోనేరు హంపి నాన్నగారు ఉద్యోగం మానుకోలేదా అత్తయ్యా?" అంది.

మానుకున్న మాట నిజమే. అశోక్ గారు కెమిస్ట్రీ పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి, కూతురికి తానే ఆట నేర్పారు. 2002లో ఆ పిల్ల 15 ఏళ్ళ 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టరయింది. అంత చిన్న వయసులో ఆ బిరుదు అందుకున్న ఆడపిల్ల అప్పటికి ప్రపంచంలోనే లేదు. హంగరీ అమ్మాయి జూడిత్ పోల్గార్ రికార్డు మూడు నెలల తేడాతో చెరిగిపోయింది. గుడివాడ పిల్ల! ఇక్కడ ఉక్కునగరం క్వార్టర్లో మేం కూడా మా ఇంటి పిల్లే గెలిచినట్టు మురిసిపోయాం. మురవడానికి మాకేం పోయింది? ఉద్యోగం మానింది మేం కాదుగా!

ఆ బిరుదు ఊరికే రాదు. 2500 రేటింగు దాటాలి, పెద్ద పోటీల్లో మూడు నార్ములు సంపాదించాలి. ఒకసారి వచ్చిందంటే మాత్రం జీవితాంతం ఉంటుంది. మా వారిని 60 నిండగానే దండవేసి ప్లాంటు గేటు దాటించారు. గ్రాండ్‌మాస్టర్‌ని అలా పంపించేవాళ్ళు లేరు.

చదరంగంలో గెలుపు కోసం గుర్రాన్నో ఏనుగునో కావాలని పోగొట్టుకుంటారు. దాన్ని బలి ఇవ్వడమంటారు. గుర్రాన్ని ఎవరూ అడగరు. అదీ తర్వాత ఎవర్నీ ఏమీ అనదు. మనుషులం అలా ఊరుకుంటామా? మా అబ్బాయి టెన్త్ చదివేటప్పుడు నేను టీచరుద్యోగం మానేశాను. వాడు నన్ను మానమని అడగలేదు. "నీకోసమే కదురా" అని ఆ తర్వాత ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. వాడు తీసుకోని అప్పుకి వాడి దగ్గర ఇరవై ఏళ్ళు వడ్డీ వసూలు చేశాను.

అందుకే నాకు హంపి కథలో 2002 కంటే ఆ తర్వాతి సంగతులంటేనే ఇష్టం. పెళ్ళయింది. 2017లో పాప పుట్టింది. దాదాపు రెండేళ్ళు ఆటకి దూరంగా ఉంది. ఇక మానేసినా కాదనేవాళ్ళు లేరు, బిరుదు ఎక్కడికీ పోదు. అయినా తిరిగొచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ రాపిడ్ చాంపియనయింది. 2024 డిసెంబరులో న్యూయార్కులో మళ్ళీ గెలిచింది. మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక నిండు నెలలతో 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో కూర్చుని ఆడింది. మన జట్టుకి కాంస్యం వచ్చింది. నెలలు నిండిన మనిషి గంటలకొద్దీ కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? ఒకరు తోస్తే జరిగే పని కాదది. ఆట వాళ్ళదే!

కానీ ఈ సంగతి ముప్ఫై ఏళ్ళకి తెలుస్తుంది. ఎనిమిదేళ్ళకి తెలిసేదెలా? తెలిసేదాకా ఆగుదామంటే ఆట ఆగదు. అశోక్ గారు ఆగి ఉంటే హంపి మనకి దక్కేదా? కోడలి వాదన అదే. దానికి నా దగ్గర సమాధానం లేదు.

నిన్న సాయంత్రం మనవణ్ణి ఆర్కే బీచికి తీసుకెళ్ళాను. దూరంగా నాలుగు ఓడలు ఆగున్నాయి. పోర్టులోకి వెళ్ళడానికి వాటి వంతు కోసం కాచుకున్నాయని చెప్పాను. వాడు మురీ మిక్చరు తింటూ చాలాసేపు వాటినే చూశాడు.

"మామ్మా, అమ్మ ఆఫీసు మానేస్తే నేను రోజూ గెలవాలా?" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి కోడలు రాజీనామా కాగితం రాసుకుంటోంది. ఆ మాట ఆవిడకి ఇంకా చెప్పలేదు. రాత్రి భోజనాలయ్యాక చెబుదామనుకున్నాను. వాళ్ళిద్దరూ బోర్డు ముందు కూర్చుని నవ్వుకుంటున్నారు.