చద్దన్నం తామసమా?

భగవద్గీత 17వ అధ్యాయం ఆహారాన్ని మూడు గుణాలుగా విడదీసి, నిలవ తిండిని తామసం కింద కట్టింది. ఆ లెక్కన మొగల్తూరు చేలోకి చద్దన్నం తిని వెళ్లే కూలీ తామసుడా? కాదు. ఆ మాట చెప్పిన శ్లోకం సారం పోవడాన్నీ, కంపు కొట్టడాన్నీ కూడా చెప్పింది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి, కాస్త మజ్జిగ కలిపి మూతపెడితే తెల్లారేసరికి జరిగేది కుళ్లడం కాదు, పులవడం. ఆ పులుపు బియ్యంలోని ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. గోదావరి జిల్లాల్లో ఆచారం బాగా పాటించే ఇళ్లలోనూ తరవాణి (పులిసిన అన్నపు నీళ్ల) కుండ ఉండేది. పోతన భాగవతంలో కృష్ణుడే గోపబాలురతో చల్దులు (చద్దులే) ఆరగించాడు. వాళ్లను తామసులనే సాహసం ఎవరికీ లేదు, కూలీ దగ్గరకొచ్చేసరికే శాస్త్రం గుర్తొస్తుంది!

చద్దన్నాన్ని ఇలా మెచ్చుకోవడం పేదరికానికి పుణ్యం పూయడమేనని కొందరంటారు. ఆ అభ్యంతరంలో సగం నిజముంది: చద్దన్నం, ఊరగాయలతోనే రోజు గడిస్తే ఉప్పు ఎక్కువై, మాంసకృత్తులు కొరవడతాయి. పక్కన పప్పో, పెరటి మునగాకో, మొగల్తూరు సముద్రం దగ్గరి ఊరు కనుక చిన్న చేపలో ఉండాలి. చేప సాత్వికం కాదనేవారికి కందిపప్పు ఉండనే ఉంది. రేషన్ బియ్యం వచ్చే ఇంట్లో మిగిలిన రూపాయి పెట్టాల్సింది గుప్పెడు పప్పు మీద, ఖరీదైన ఉపవాసపు పళ్ల మీద కాదు.